దాతల చందా, గ్రహీతల చదువు

మిషనరీ సాహిత్యం ప్రసక్తి వస్తే మన గోష్ఠుల్లో ఒక్క వాక్యంతో తీర్పు చెప్పేయడం పరిపాటి అయింది: అది సామ్రాజ్యవాదం చేతి కర్ర. ఈ మాటలో సత్యం లేకపోలేదు. కాని ఒక్క వాక్యంతో తేల్చగల విషయం కాదిది. తెలుగు లిపి మొట్టమొదట అచ్చు మొగం చూసింది ఎక్కడ? రాజమహేంద్రవరంలో కాదు, చెన్నపట్నంలోనూ కాదు. జర్మనీలోని హాలే పట్టణంలో, 1746లో. బెంజమిన్ షుల్జ్ అనే పాదిరీ చెన్నపట్నంలో తెలుగు నేర్చి, తిరిగి స్వదేశం వెళ్లి అచ్చు వేయించిన చిన్న మతబోధ పుస్తకాలవి. ఆ అచ్చుకు మూలధనం భక్తుల చందా. హాలేలో ఫ్రాంకె అనే మతాచార్యుడు 1695లో దానపు పెట్టెలో దొరికిన 4 థాలర్ల 16 గ్రోషెన్లతో పేదపిల్లల బడి మొదలుపెట్టాడు. క్రమంగా దాని చుట్టూ అనాథాశ్రమం, మందుల అంగడి, ముద్రణాలయం, సముద్రాల కవతలికి మనుషులను పంపే యంత్రాంగం అన్నీ పెరిగాయి.

ఈ యంత్రాంగం నడవాలంటే దాతల మనసు ఎప్పటికప్పుడు కరుగుతూ ఉండాలి. అందుకోసం 1710 నుంచి హాలేలో ఒక నివేదికల పరంపర వెలువడింది. తరంగంబాడి నుంచి మిషనరీలు రాసిన ఉత్తరాలను, దినచర్యలను దిద్ది, కత్తిరించి, చందాదారుల ముందు పెట్టేవారు. మన విమర్శకులు పట్టించుకోని సాహిత్యప్రక్రియ ఇది. ఇందులో కథానాయకుడు మిషనరీ కాదు, దాత. అన్యమతస్థుడి అంధకారం ఎంత చిక్కగా ఉంటే దాత చేతి దీపం అంత వెలుగుతుంది. అందుచేత చిక్కదనం తగ్గించే రాత దేనికీ అక్కడ చోటు లేదు. తరంగంబాడిలోని సీగెన్‌బాల్గ్ 1713లో దక్షిణదేశపు దేవతల వంశావళి మీద, చుట్టుపక్కల వారిని అడిగి తెలుసుకుని, శ్రద్ధగా ఒక గ్రంథం రాసి పంపాడు. హాలే పెద్దలు దానిని అచ్చు వేయ నిరాకరించారు. మిషనరీలను పంపింది అన్యమతాన్ని నిర్మూలించడానికి గాని, దాని వింతలను ఐరోపాలో వెదజల్లడానికి కాదని వారి వాదన. ఆ గ్రంథం 1867లో గాని అచ్చు కాలేదు. నూట యాభై నాలుగేళ్లు! దాత ఏమి చదవకూడదో కూడా నిర్ణయించే దానం ఇది.

మరి గ్రహీత ఏమి చదవకూడదు? దీనికి సమాధానం 1807లో లండన్‌లో అచ్చయింది. బ్రిటిష్ వెస్టిండీస్ బానిసల కోసం ఏరి కూర్చిన బైబిలు భాగాలవి. పాత నిబంధనలో పదింట తొమ్మిది పాళ్లు, కొత్త నిబంధనలో సగం ఎగిరిపోయాయి. ఇశ్రాయేలీయులు ఐగుప్తు దాస్యం తెంచుకుని బయటపడిన కథ మాయం. యోసేపు బానిసగా అమ్ముడుపోయి, వినయంగా పని చేసి పైకి వచ్చిన కథ మాత్రం భద్రం! యజమానులకు లోబడమనే ఉపదేశమూ భద్రమే. ఇంతకంటె నగ్నంగా వర్గదృష్టి ఏ సంపాదకుడి కత్తెరలోనూ నాకు కనబడలేదు. పైగా ఈ పని చేసినవారు దయగల పెద్దమనుషులే. తోటల యజమానులు భయపడకుండా బానిసలకు నాలుగక్షరాలు అందించాలన్నదే వారి సదుద్దేశం.

ఇక్కడికి మన వారి ఒక్క వాక్యం గెలిచినట్టే కనిపిస్తుంది. కాని ఈ కథకు తరువాయి ఉంది.

1823 ఆగస్టులో డెమెరారాలో (నేటి గయానా) పదివేలకు పైగా బానిసలు తిరగబడ్డారు. ముందు నిలిచిన వారిలో ఒకడు జాక్ గ్లాడ్‌స్టన్. తరువాత కాలంలో ఇంగ్లండు ప్రధాని అయిన గ్లాడ్‌స్టన్ తండ్రికి చెందిన తోటలో బానిస. అందుకే ఆ ఇంటిపేరు. అతని తండ్రి క్వామినా వడ్రంగి, లండన్ మిషనరీ సొసైటీ వారి బేతేలు ప్రార్థనా మందిరంలో పరిచారకుడు. ఆ మందిర గురువు జాన్ స్మిత్‌కు సైనిక న్యాయస్థానం మరణశిక్ష వేసింది. 1824లో క్షమాభిక్ష చేరేలోపునే అతడు జైలులో క్షయతో చనిపోయాడు. కత్తిరించిన పుస్తకం ఒక పక్క, చందా డబ్బుతో నడిచే సొసైటీ గుడిలో గుమిగూడి, మాట్లాడుకుని, లేచిన జనం మరో పక్క. ఇచ్చినవాడి ఉద్దేశం చెప్పినంత మాత్రాన పుచ్చుకున్నవాడి చరిత్ర చెప్పినట్టు కాదు. ఇదే సొసైటీ 1805లో విశాఖపట్నానికి క్రాన్, డి గ్రాంజ్ అనే ఇద్దరిని పంపింది. ఆనందరాయర్ సాయంతో వారు మొదలుపెట్టిన సువార్తల తెలుగు అనువాదంలో మూడు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి.

దాతలందరూ తోటల యజమానులూ కారు. చెప్పులు కుట్టి బతికిన విలియం కేరీ 1792లో రాసిన చిన్న పుస్తకంలో, సంఘస్థులు వారానికి ఒక పెన్నీ చొప్పున ఇవ్వాలని సూచించాడు. ఆ ఏడాదే కెటరింగ్‌లో ఒక విధవరాలి ఇంట్లో చేరిన కొందరు చందా చీటీలు రాసి నస్యపు డబ్బాలో వేస్తే, తేలిన మొత్తం 13 పౌన్ల 2 షిల్లింగుల 6 పెన్సులు. ఈ చిల్లరను చూసి నవ్వడం నాకు చేతకాదు. డికెన్స్ నవ్వాడు. ‘బ్లీక్ హౌస్’లో సొంత పిల్లలు మెట్ల మీంచి దొర్లుతుంటే ఆఫ్రికాలోని బొరియోబూలా-ఘా వైపు చూపు నిలిపిన జెలిబీ దొరసాని మనకందరికీ గుర్తే. గొప్ప వ్యంగ్యమే. కాని ఆ నవలలో బొరియోబూలా మనిషి ఎక్కడ? కడపట, సారాయి కోసం అందరినీ అమ్మజూసిన రాజుగా ఒక వాక్యంలో కనబడి పోతాడు. దాతను వెక్కిరించిన రచయిత కూడా గ్రహీతకు నోరివ్వలేదు.

మన ఇంటి సంగతి కూడా ఒక మాట చెప్పకపోతే అన్యాయం. మాస్కోలో తెలుగులో అచ్చయి, విశాలాంధ్ర పుస్తకశాలల్లో కారుచౌకగా దొరికిన గోర్కీని, టాల్‌స్టాయిని చదివి పెరిగినవాణ్ణి నేను. ఆ గట్టి అట్టకు, తెల్లని కాగితానికి మేమిచ్చిన వెల చాలదని అప్పుడూ తెలుసు. మిగతా ఖర్చు పెట్టింది ఒక ప్రభుత్వం. ఏది అనువదించాలో ఎంచింది కూడా అదే. 1991తో ఆ పుస్తకాలు రావడం ఆగిపోయింది. ఆ చదువు నన్ను కీలుబొమ్మను చేసిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అలాంటప్పుడు మిషను బడిలో, మిషను పుస్తకంలో అక్షరాలు దిద్దుకున్న మాలమాదిగ పల్లెల పిల్లవాణ్ణి కీలుబొమ్మ అనడానికి నాకేమి అధికారం ఉంది? అగ్రహారం బడి వాణ్ణి గుమ్మంలోకి రానివ్వలేదు గదా!

జాషువా ‘క్రీస్తు చరిత్ర’ 1958లో వచ్చింది. 1964లో దానికి సాహిత్య అకాడమీ బహుమానం లభించింది. దానిని భక్తి కావ్యమని పక్కన పెట్టి, ‘గబ్బిలం’ ఒక్కటే మనదని లెక్క వేసుకోవడం మన విమర్శకు అలవాటు. రెండింటినీ ఒకే బల్ల మీద పెట్టి చదివిన వ్యాసం మన పత్రికల్లో నా కంటబడలేదు. 1941 నాటి ‘గబ్బిలం’లో ఆ నిరుపేద తన గోడు చెప్పుకోవడానికి ఎన్నుకున్నది కాశీలోని శివుణ్ణి. దూత గబ్బిలం, అది గుడిలోకి పోతే ఎవరూ అడ్డు చెప్పరు. హాలే నివేదికలో ఆ ఉత్తరం అచ్చయ్యేదా అని అప్పుడప్పుడు అనుకుంటాను.