మూడు నిమిషాల మైకు

నగర కౌన్సిల్ సమావేశంలో సభ్యులతో పాటు ఊళ్లో ఉండేవాళ్లూ లేచి మాట్లాడడం అమెరికాలో చాలాచోట్ల మామూలు. కాలిఫోర్నియాలో అది మేయరు దయ మీద ఆధారపడిన సంగతి కాదు, చట్టమే ఇచ్చిన హక్కు. 1953లో వచ్చిన ఆ చట్టాన్ని, ప్రవేశపెట్టిన శాసనసభ్యుడు రాల్ఫ్ బ్రౌన్ పేరు మీద బ్రౌన్ యాక్ట్ అంటారు. అంతకు ముందు ఏడాది మైకేల్ హారిస్ అనే విలేకరి శాన్‌ఫ్రాన్సిస్కో క్రానికల్‌లో వరుస కథనాలు రాశాడు. స్థానిక సంస్థలు తలుపులు మూసుకుని నిర్ణయాలు ఎలా తీసుకుంటున్నాయో వాటిలో బయటపెట్టాడు. చట్టానికి కదలిక అక్కడే మొదలైంది. మొదట్లో జనానికి దక్కింది సమావేశానికి వెళ్లి చూసే, వినే హక్కు. ఎజెండా మీద మాట్లాడే హక్కు 1986 సవరణతో స్థిరపడింది.

ఇలాంటి సభ అనగానే చాలామందికి నార్మన్ రాక్‌వెల్ 1943లో వేసిన బొమ్మ గుర్తొస్తుంది. పాత కోటు వేసుకున్న ఒక శ్రామికుడు సభ మధ్యలో లేచి నిలబడి మాట్లాడుతుంటాడు, చుట్టూ ఉన్నవాళ్లు తలెత్తి వింటుంటారు. అయితే ఆ బొమ్మలోది వెర్మాంట్ రాష్ట్రపు పట్టణ సభ. అక్కడ మాట్లాడినవాడే ఓటూ వేస్తాడు. నగర కౌన్సిల్లో పౌరుడికి నోరే ఉంటుంది, ఓటు ఉండదు. ఈ తేడా తెలియకుండా మైకు ముందుకు వెళ్లినవాళ్లకే ఎక్కువ నిరాశ.

తెలుగు నగరాల్లో ఆ నోరు కూడా కార్పొరేటరుదే. హైదరాబాద్, విజయవాడ, విశాఖ కార్పొరేషన్ సమావేశాల్లో సభ్యులు అడుగుతారు, అధికారులు జవాబిస్తారు. కాలనీవాసి మైకు పట్టుకునే ఏర్పాటు అక్కడ లేదు. అతని గోడు చేరాల్సిన దారులు వేరే ఉన్నాయి: తెలంగాణలో సోమవారం ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో అదే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదిక. అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవచ్చు. 1993 నుంచి అమల్లో ఉన్న 74వ రాజ్యాంగ సవరణ, 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని చెప్పింది. చాలా వార్డుల్లో అవి కాగితం దాటి రాలేదు. సోమవారం అర్జీకీ, కౌన్సిల్ మైకుకూ అసలు తేడా సమయంలో ఉంది. అర్జీ సాధారణంగా సమస్య వచ్చిపడ్డాక వెళుతుంది, మైకు నిర్ణయానికి ముందే అందుతుంది.

కాలిఫోర్నియాలో ఆ 'ముందు' ఎంత ముందో బ్రౌన్ యాక్టే లెక్క కట్టింది. మామూలు సమావేశమైతే ఎజెండాను కనీసం 72 గంటల ముందు అందరికీ కనబడేచోట పెట్టాలి. ప్రత్యేక సమావేశానికి 24 గంటలు చాలు. ఎజెండాలోని ప్రతి అంశం మీదా, కౌన్సిల్ దాన్ని తేల్చకముందే మాట్లాడే అవకాశం ఇవ్వాలి. మాట్లాడేవారి చీటీ మీద పేరు, చిరునామా అడిగినా రాయడం రాయకపోవడం వారిష్టం. కౌన్సిల్‌నూ, దాని విధానాలనూ విమర్శిస్తున్నారని ఎవరి నోరూ మూయించకూడదు. సభను నడవనివ్వకుండా చేసేవాళ్లను మాత్రం హెచ్చరించి బయటికి పంపవచ్చు.

ఎజెండాలో లేని విషయానికీ వేరే సమయం ఉంటుంది. కానీ అక్కడో మెలిక. వీధి దీపం వెలగడం లేదని ఒకావిడ చెబుతుంది. ఎదురుగా కూర్చున్న మేయరు, సభ్యులు విని, థాంక్స్ చెప్పి, తర్వాతి పేరు పిలుస్తారు. మొదటిసారి వచ్చినవాళ్లకు ఇది పొగరుగా కనిపిస్తుంది. నిజానికి చట్టమే వాళ్ల చేతులు కట్టేసింది. ముందుగా ప్రకటించని అంశం మీద చర్చ గానీ తీర్మానం గానీ చేయడానికి వీల్లేదు, ఎందుకంటే ఆ మాటకు అభ్యంతరం చెప్పాల్సినవాళ్లు ఇంట్లోనే ఉండిపోయి ఉండవచ్చు. క్లుప్తంగా జవాబివ్వడం, ఒక ప్రశ్న అడగడం, సిబ్బందికి అప్పగించడం, రాబోయే ఎజెండాలో పెట్టమనడం, ఇంతవరకే వారికి అనుమతి. కాబట్టి తెలిసినవాళ్లు 'ఏదో ఒకటి చేయండి' అనరు. 'దీన్ని ఫలానా విభాగానికి అప్పగించండి, నివేదిక తెప్పించండి' అంటారు.

ఎజెండాలో అందరూ దాటేసే చోటు కన్సెంట్ క్యాలెండర్. మామూలువి అనుకున్న అంశాలన్నిటినీ మూటగట్టి ఒక్క ఓటుతో ఆమోదించేస్తారు. పెద్ద పెద్ద కాంట్రాక్టులు ఆ మూటలోనే వెళ్లిపోవడం అరుదేమీ కాదు. ఏ సభ్యుడైనా అడిగితే ఒక అంశాన్ని విడదీసి చర్చకు పెడతారు. అందుకని సమావేశం రోజు పొద్దున్నే తమ సభ్యుడికి ఈమెయిల్ పెట్టేవాళ్లు సగం పని అక్కడే చేసుకుంటారు.

ఇక మాట. చాలా నగరాల్లో ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, జనం పోటెత్తితే అది రెండుకో, ఒకటికో దిగుతుంది. ఎదురుగా గడియారం వెనక్కి తిరుగుతుంటుంది. ఆ కాస్త సమయంలో పొరుగువాడితో తగాదా చరిత్ర, కట్టే పన్నులు, దేశ రాజకీయాలు పట్టవు. ఏ అంశం, ఏం కావాలి, ఎందుకు, ఈ మూడూ ముందే చెప్పేస్తే మిగతా సమయం సాక్ష్యానికి దక్కుతుంది. 'ట్రాఫిక్ ఎక్కువైంది' అన్న మాట గాలికి పోతుంది. బడి వదిలే వేళ ఏ మలుపులో కార్లు ఆగకుండా వెళుతున్నాయో చూసి, లెక్కబెట్టి, ఫొటోతో చెబితే ఇంజినీరు దాన్ని రాసుకోక తప్పదు. బిడ్డల దగ్గర ఉండడానికి వెళ్లిన తెలుగు పెద్దలకు ఇక్కడ ఓ వెసులుబాటు ఉంది. బ్రౌన్ యాక్ట్‌కు 2016లో చేసిన సవరణ ప్రకారం, అనువాదకుడి సాయంతో మాట్లాడేవారికి కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలి. పార్కులో నడిచే దారి గురించి అమ్మమ్మ తెలుగులోనే నిలదీయవచ్చు.

ఇళ్ల ప్రాజెక్టులు వచ్చినప్పుడు సభ వేడెక్కుతుంది. ఇక్కడ మాట రికార్డులోకి ఎక్కడం ముఖ్యం. బహిరంగ విచారణ జరిపి తీసుకున్న భూవినియోగ నిర్ణయాన్ని తర్వాత కోర్టులో సవాలు చేయాలంటే, ఆ అభ్యంతరం విచారణలో గానీ అంతకుముందు రాతపూర్వకంగా గానీ లేవనెత్తి ఉండాలి. ఇంకోవైపు, 1982 నాటి హౌసింగ్ అకౌంటబిలిటీ యాక్ట్ ప్రకారం నిబంధనలకు సరిపోయిన ఇళ్లను నగరం ఊరికే కాదనలేదు. వందమంది లేచి 'మా వీధికి వద్దు' అన్నా ఫలితం లేకపోవడానికి కారణం అదే. పైగా ఆ వందమందీ ఊరంతా కాదు. మసాచుసెట్స్ సమావేశాల రికార్డులు తిరగేసిన బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు 2019లో అచ్చయిన పుస్తకంలో తేల్చింది ఇదీ: మాట్లాడేవాళ్లలో వయసు పైబడినవారు, సొంతింటివారు, మగవాళ్లు జనాభాలో తమ వాటాను మించి ఉన్నారు, కొత్త ఇళ్లను వ్యతిరేకించేవారే ఎక్కువ. అద్దెకుండేవాడు, రాత్రి షిఫ్టుకు వెళ్లేవాడు ఆ హాల్లో కనిపించరు. మైకు అందరిదే అయినా దాని ముందు నిలబడే తీరిక అందరికీ ఒకేలా ఉండదు. నిండిన హాలును చూసి ఊరి అభిప్రాయం అనుకునే సభ్యుడు పొరబడతాడు.

సభ ముగిశాక మిగిలేది రాతపని. చెప్పిన మాటను కాగితం మీద పెట్టి సిటీ క్లర్కుకు పంపాలి. సిబ్బందిలో ఎవరికి అప్పగించారో కనుక్కుని, కొన్ని వారాల తర్వాత మళ్లీ అడగాలి. కొత్త కాలిబాటో, సిగ్నలో కావాలంటే డబ్బు మాటా వస్తుంది. కాలిఫోర్నియా నగరాల ఆర్థిక సంవత్సరం సాధారణంగా జూలై 1న మొదలవుతుంది, బడ్జెట్ విచారణలు మే, జూన్‌లలోనే అయిపోతాయి. ఆగస్టులో అడిగినవాళ్లకు వచ్చే ఏడాది చూద్దామన్న జవాబే ఎక్కువగా దొరుకుతుంది.