పాత బండ్లు, తొలిరోజు ముద్రలు

1976 మే 15న మన తపాలా శాఖ నాలుగు రైలింజన్ల స్టాంపులు విడుదల చేసింది. పాతిక పైసల బిళ్ల మీద డబ్ల్యూడీఎం-2 డీజిల్, రూపాయి బిళ్ల మీద డబ్ల్యూపీ ఆవిరి ఇంజను, రెండు రూపాయల దాని మీద 1853 నాటి జీఐపీ ఒకటో నంబరు. చిత్తూరు, తిరుపతి వాళ్లు ఒకటికి రెండుసార్లు చూడాల్సింది మాత్రం యాభై పైసల బిళ్లని. దాని మీదున్నది 1895 నాటి ఎఫ్ తరగతి ఇంజను. మన దేశంలో తయారైన తొలి ఇంజనుగా పేరుపడ్డ ఎఫ్-734 ఆ ఏడాదే అజ్మీరు వర్క్‌షాపులోంచి బయటికొచ్చింది. అది మీటర్ గేజి బండి. కాట్పాడి నుంచి చిత్తూరు, పాకాల మీదుగా తిరుపతికి 1890ల తొలినాళ్లకు వచ్చిన పట్టాలూ మీటర్ గేజివే. నూరేళ్లకు పైగా ఈ ప్రాంతం జనం పెళ్లిళ్లకూ కొండకూ కోర్టు వాయిదాలకూ తిరిగింది ఆ చిన్న పట్టాల మీదే. ఇవాళ ఆ లైను మొత్తం బ్రాడ్‌గేజి. ఆ కాలపు బండి ఎలా ఉండేదో పిల్లలకు చూపించాలంటే అర్ధరూపాయి స్టాంపు చాలు.

అయితే స్టాంపు దాచుకోవడం వేరు, ఫస్ట్ డే కవరు దాచుకోవడం వేరు. స్టాంపు విడుదలైన రోజే దాన్ని ఒక ప్రత్యేక కవరుకు అంటించి, తేదీ, ఊరి పేరు ఉన్న తొలిరోజు ముద్ర కొడతారు. కవరు ఎడమ పక్కన విషయానికి తగ్గ బొమ్మ ఉంటుంది. వివరాల పత్రం విడిగా దొరుకుతుంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు ఆ బొమ్మ చూసి మురిసిపోయి కొంటారు. నన్నడిగితే చూడాల్సింది ముద్రని. బిళ్ల దేశమంతా ఒకటే, ముద్ర మాత్రం ఊరికొకటి. పెద్ద నగరాల ముద్రలున్న కవర్లు దుకాణాల్లో తేలిగ్గానే దొరుకుతాయి. అదే ఇంజను, అదే తేదీ, కింద మన జిల్లా ఊరి పేరు కనబడిందంటే బేరమాడకుండా తీసుకోవచ్చు.

తీసుకునేముందు భూతద్దం కింద పెట్టండి. ముద్ర కొంత స్టాంపు మీద, కొంత కవరు మీద పడి ఉండాలి. దాని గీత స్టాంపు అంచు దాటి కవరు మీదికి తెగకుండా సాగాలి. అంచు దగ్గర గీత పక్కకి జరిగి కనిపిస్తే ఆ బిళ్లను ఎవరో ఊడదీసి మళ్లీ అంటించారని అనుమానించాలి. ముద్రలోని తేదీ స్టాంపు విడుదల తేదీతో కలవాలి. ఇక సిరా ముద్దగా పడి ఇంజను మొహమే కనబడకపోతే అది అసలైనదే అయినా వదిలేయడం మంచిది.

చిరునామా రాయని తెల్లటి కవరే మేలైనదని అమ్మేవాళ్లంటారు. నేనొప్పుకోను. తొలిరోజు ముద్ర పడి, రిజిస్టర్ చీటీ అంటించుకుని, నిజంగా పోస్టులో వెళ్లి, వెనకవైపు చేరిన ఊరి ముద్ర కూడా వేయించుకున్న కవరు అంతకంటే ఘనమైనది. బండి బొమ్మ మోసుకుంటూ తానే బండెక్కి ఊళ్లు దాటిన కాగితమది. అంచు కాస్త నలిగితే నలగనివ్వండి.

వాహనాల స్టాంపులకు మన దగ్గర కరువు లేదు. ఆరో జార్జి కాలంలో, 1937లో వచ్చిన వరుసలో టపా మోసే సాధనాలన్నీ ఉన్నాయి: ఎద్దులబండి, టాంగా, ఒంటె, రైలు, స్టీమరు, లారీ, విమానం. వీటన్నిటికంటే ముందు, రెండణాల బిళ్ల మీద, కాలినడకన పరుగెత్తే టపా మనిషి! స్వతంత్ర భారతం వేసిన తొలి మూడు స్టాంపుల్లో కూడా ఒకటి వాహనమే. 1947 డిసెంబరు 15న వచ్చిన పన్నెండణాల బిళ్ల మీద నాలుగింజన్ల విమానం ఎగురుతుంటుంది. 1993లో కొండ రైళ్లు వచ్చాయి. 2017 మార్చి 25న పల్లకి నుంచి పాతకాలపు కార్లు, ట్రాముల దాకా ఒకేసారి ఇరవై స్టాంపులు వచ్చాయి. చేతిలో డబ్బు తక్కువున్నవాళ్లు ఈ 2017 కవర్లతో మొదలుపెట్టడం తెలివైన పని.

దాచడం దగ్గరే మన వాతావరణం పరీక్ష పెడుతుంది. ఎండాకాలం నలభై డిగ్రీలు, ఆ తర్వాత అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాల తేమ. ఒకటి కాగితాన్ని పెళుసుబారిస్తే, రెండోది దానిమీద గోధుమరంగు మచ్చలు పెడుతుంది. మెత్తటి పీవీసీ తొడుగులు కొన్నేళ్లకు జిగటగా మారి కవరుకు అతుక్కుంటాయి. పాలియెస్టర్ తొడుగులు కొంచెం ఖరీదైనా అవే వాడాలి. ఆల్బమ్ గోడకు ఆనకూడదు, నేలకు దగ్గరగా అసలే ఉండకూడదు. 2021 నవంబరు వరద చూసిన తిరుపతి వాళ్లకు కింది అర సంగతి వేరే చెప్పాలా? కొందరు ముచ్చటపడి లామినేషన్ చేయిస్తారు. వేడి అట్టల మధ్య నలిగిన ఆ కవరుకు సేకర్తల్లో ఇక విలువ ఉండదు. స్టాంపు కోసం కవరును నీళ్లలో నానబెట్టేవాళ్ల గురించి మాట్లాడకపోవడమే మంచిది.

ఎగ్జిబిషన్‌కు పంపే ఉద్దేశం ఉంటే ఇంకో మాట. ఒక ఫ్రేములో పదహారు పేజీలు పడతాయి. అన్నిటినీ ఫస్ట్ డే కవర్లతోనే నింపితే న్యాయనిర్ణేతలు పెదవి విరుస్తారు. పోస్టుకార్డులు, పాత ముద్రలు, నిజంగా ప్రయాణించిన ఉత్తరాలు కలిపి ఒక కథ నడపాలి. ఆరు నుంచి తొమ్మిది తరగతుల పిల్లలకు ఈ సరదా మీద ఉపకారవేతనం కూడా ఉంది. 2017లో మొదలైన దీన్ దయాళ్ స్పర్శ్ పథకం కింద ఎంపికైనవాళ్లకు ఏడాదికి 6,000 రూపాయలిస్తారు.

ఇంత చెప్పాక ఒక వెలితి చెప్పకుండా ఉండలేను. తిరుమల మొదటి ఘాట్ రోడ్డును 1944 ఏప్రిల్ 10న మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ ప్రారంభించాడు. అంతకుముందు కొండెక్కాలంటే కాలినడక, లేకపోతే డోలీ. రోడ్డు పడ్డాక మొదట ఎద్దులబండ్లు, తర్వాత బస్సులు. ఒకే కొండ మీద రవాణా చరిత్ర ఇంత దగ్గరగా దొరికే చోటు దేశంలో ఎన్ని ఉంటాయి? డోలీ, ఎద్దులబండి, ఆనాటి బస్సు - ఈ మూడూ పక్కపక్కన వేస్తే మంచి స్టాంపుల వరుస అవుతుంది. స్టాంపు కోసం ఢిల్లీలోని డాక్ భవన్‌కు ప్రతిపాదన పంపే హక్కు ఏ పౌరుడికైనా ఉంది. 2044కు ఆ రోడ్డుకు నూరేళ్లు నిండుతాయి. ఇంకా టైముంది కదా అని కూర్చోకుండా తిరుపతి, చిత్తూరు సేకర్తలు ఆ ఉత్తరం ఇప్పుడే రాయాలి.