ఊదా – నీలలోహితము

వయొలెట్, పర్పుల్ అను రెండు పదములకును మన యనువాదకులు తఱచుగా ‘ఊదా’ యను నొక్కమాటనే వాడుచున్నారు. ఇది పదలాఘవము గాదు, అర్థసంకరము.

ఇంద్రధనుస్సు కొసనుండు వయొలెట్ ఏకమైన కాంతి. పర్పుల్ అట్టిది కాదు. ఎఱుపును నీలమును గలసినఁగాని పుట్టదు. సిరాలును వర్ణద్రవ్యములును మిశ్రకాంతినే చూపును గావున వానియందు భేదము పాళ్లనుబట్టి యేర్పడును: నీల మధికమైన వయొలెట్, ఎఱు పధికమైన పర్పుల్.

సిరాలకు వాడిన మిథైల్ వయొలెట్టునందు మిథైల్ గణములు హెచ్చినకొలఁది ఛాయ నీలమువైపు జరుగును. ప్రాచీనమైన టైరు నగరపు పర్పుల్ దీనికి విపరీతము. 1909లో ఫ్రీడ్‌లాండర్ అను రసాయనశాస్త్రజ్ఞుఁడు 12,000 సముద్రపు నత్తలనుండి 1.4 గ్రాముల రంగు దీసి పరీక్షించెను. అది నీలిమందునకు జ్ఞాతియే. రెండు బ్రోమిను పరమాణువులు చేరుటచే నెఱుపు దిరిగినది. రోమక చక్రవర్తుల వస్త్రములకుఁ బట్టించిన రంగిదియే. ప్లినీ దాని శ్రేష్ఠచ్ఛాయను గడ్డకట్టిన నెత్తురుతోఁ బోల్చినాఁడు. దానిని ‘ఊదావస్త్ర’ మని తెనిఁగించినచోఁ జదువరి సిరామరక నూహించును. నెత్తుటిపోలిక యతనికి దక్కదు.

పాణిని 2-1-69 సూత్రము వర్ణవాచకమును వర్ణవాచకముతో సమసింపఁజేయుచున్నది. కావున రెండు వన్నెల కలయికయైన పర్పుల్‌నకు ‘నీలలోహిత’ మను సమాసమును, వయొలెట్టునకు ‘ఊదా’ యను నేకపదమును నియమించుట యుక్తము. నీలలోహితుఁడు శివుఁడు గదా యందురేని, ఆ నామమును వన్నెనుబట్టి వచ్చినదే. ఊదా యన్యదేశ్య మందురేని, వాడుకచే నది మనదైనది. నిఘంటుకర్తలు విచారింతురు గాక.