నాటకపు పద్యము

కృష్ణా, గుంటూరు మండలముల పల్లెలలో మా యౌవనము గడచిన దినములలో జనసామాన్యము సంగీతమని యెరిగినది సభలలోని కృతిని కాదు, నాటకములోని పద్యమును. పెండ్లిపందిట మైకుసెట్టువాడు కీ త్రిప్పి, సూది మార్చి, మొట్టమొదట పెట్టు ప్లేటు రాయబారపు పద్యమే; పొలమున నాగలి పట్టినవాడు, ఓనమాలు రానివాడు సయితము, ఇరువది యక్షరముల ఉత్పలమాలాపాదమును గణభంగము కాకుండ గొంతెత్తి పాడుచు చాలు త్రిప్పుకొనెడివాడు. ఆ పద్యములు నేటికిని చెవిలో మెదలినపుడు కలుగు ఆనందములో గతించిన వయసుపై మమకారము కొంత యుండిన నుండవచ్చును గాని, అంతయు మమకారమే యనుట ఆ విద్యకు అన్యాయము. దానికి దానిదైన మర్యాద కలదు, సాధన కలదు, గుణదోషవిచారణ కలదు.

నాటకమున పద్యము పాడు ఈ పద్ధతి మిక్కిలి ప్రాచీనమైనది కాదు. 1880 ప్రాంతమున ధార్వాడ నాటకసమాజమువారు ఆంధ్రదేశమునకు వచ్చి ప్రదర్శనము లిచ్చిపోవుటతో మనవారికి రంగస్థలముపై అభిరుచి హెచ్చెను. బళ్లారిలో ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు తమ నాటకములలో పాటకును పద్యమునకును విశేషస్థాన మొసగిరి. 1885లో కడప మండలమందలి సురభి గ్రామమున పుట్టిన కుటుంబనాటకసమాజము ఆ రుచిని ఊరూరికిని కొనిపోయెను. చిలకమర్తివారి గయోపాఖ్యానము, బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారి హరిశ్చంద్రనాటకము, వీనికన్న మిన్నగా తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములు నటులకు నోరునిండు పద్యములను సమకూర్చెను. వేంకటకవులు అవధానసభలలో జనము నెదుట ఆశువుగా చెప్పి యారితేరినవారు గనుక, వారి పద్యములు చదువుకొనుటకు గాక చెప్పుటకే పుట్టినట్లుండును; అన్వయము తిన్నగా సాగును, ఇంటింటి నుడికారము వృత్తములో ఇరుకుపడక యిమిడిపోవును. వారి నాటకములోని పడకసీనులో బావమరదుల నడుమ నడచు కుశలప్రశ్నలు పద్యములన్న సంగతియే శ్రోతకు తోపనీయవు.

ఇట్టి పద్యమును పాడుటలో మొదటి రహస్యము తాళము లేకపోవుట. పాటకు తబలా కావలెను. పద్యము వచ్చినపుడు తబలా విశ్రమించును. గురులఘువుల నడకయే దానికి లయ. ఉత్పలమాలలో పదవ యక్షరము, శార్దూలములో పదుమూడవ యక్షరము యతిస్థానములు. శబ్దమాత్రమెరిగిన గాయకుడు అచ్చట తప్పక ఆగి, నడుమ నున్న సమాసమును రెండుగా నరికి, అర్థమును పాడుచేయును. నేర్చినవాడు యతియక్షరమును ఒకింత ఒత్తి దాటిపోయి, మాట ముగిసిన చోటనే ఊపిరి తీయును. దీనినే మావారు విరుపు అనెడివారు. ఎత్తుగడ గంభీరముగా ఉండవలెను. రెండవ, మూడవ పాదములు సంభాషణవలె వడిగా సాగవలెను. నాలుగవ పాదమున భావము పండిన పిమ్మటనే రాగము తీయవలెను. ఈ క్రమము తప్పి, తొలిపాదముననే రాగము నెత్తుకొన్నవానికి మిగిలిన మూడు పాదములును బరువగును.

రెండవ రహస్యము శ్రుతి. మైకులు లేని కాలమున, పందిరి చివర చాపమీద కూర్చున్నవానికి సయితము ప్రతి యక్షరము వినబడవలెను గనుక, నటులు నాలుగు, నాలుగున్నర, ఐదు శ్రుతులలో పాడుట అభ్యసించిరి. హార్మోనియము వాయించువాడు ప్రక్కనుండి పద్యమునకు ముందు రాగచ్ఛాయను రెండు మెట్లలో చూపి, నటుడు అందుకొనగానే వెనుకకు తగ్గి, అతడు ఊపిరి తీయు విరామములలో స్వరము నింపి, రాగము తీయునపుడు నీడవలె వెంట నడచును. మెట్లకు కట్టుబడిన ఆ వాద్యమున గమకము పలుకదన్న కారణమున ఆలిండియా రేడియోవారు 1940లో దానిని బహిష్కరించి, మూడు దశాబ్దములకాలము దూరముగానే యుంచిరి. శాస్త్రదృష్టితో చూచినచో ఆ యాక్షేపణలో సత్యము లేకపోలేదు. అయినను నాటకమున గమకము గొంతు పని, ఆధారము మెట్ల పని. ఒకదాని లోపమును మరియొకటి పూరించుటచేతనే ఆ జంట అంతకాలము నిలిచెను.

మూడవది రాగౌచిత్యము. మన పద్యగాయకులు కర్ణాటక హిందూస్థానీ భేదమును పాటింపక, రసము ననుసరించి రాగము నెన్నుకొనిరి. దూతయై వచ్చిన కృష్ణుని ప్రసన్నగాంభీర్యమునకు మోహన, వీరమునకు బిలహరి, కేదారగౌళ, సరసమునకు కాపి, కమాసు, శోకమునకు ముఖారి, శుభపంతువరాళి వాడుకలోనికి వచ్చెను. సీసపద్యము చేత చిక్కినచో, దాని నాలుగు దీర్ఘపాదములకు నాలుగు రాగములు మార్చి, ఎత్తుగీతిలో మొదటి రాగమును చేరుకొనుట సమర్థులు చూపు చమత్కారము. ఏనాడును సంగీతపాఠశాల గడప త్రొక్కని రైతు, రాగము పేరు తెలియకున్నను, ఒక స్వరము జారినచో తల యడ్డముగా త్రిప్పెడివాడనిన, ఆ చెవిని తీర్చినది ఈ పద్యమే.

ఒకే పద్యమును పలువురు పలు తెరగుల పాడుటలో మాకు గల వినోదము అంతింత కాదు. అబ్బూరి వరప్రసాదరావు, అద్దంకి శ్రీరామమూర్తిగారల పేర్లను పెద్దలు భక్తితో తలచెడివారు; ఈలపాట రఘురామయ్యగారు వ్రేలు నాలుకపై మడిచి ఊది కృష్ణుని వేణువును తలపించెడివారు; పీసపాటి నరసింహమూర్తిగారి కృష్ణునిలో మాటకు మెరుగు, షణ్ముఖి ఆంజనేయరాజుగారి కృష్ణునిలో గాత్రమునకు మాధుర్యము. ఒకే రాత్రి ఒకే నాటకమున ఇరువురు ముగ్గురు కృష్ణులను దింపి కంట్రాక్టరులు టిక్కెట్లమ్ముట కూడ కలదు. అందువలన పోటీ పెరిగెను. పోటీతో పాటు దోషమును పెరిగెను.

ఆ దోషము రాగదాహము. వన్సుమోరు కేకకు లొంగి, చనిపోయిన కుమారుని యొడిలో నిడుకొని విలపించు పాత్ర సయితము లేచి నిలిచి, చేయి చెవికి చేర్చి, పద్యమును మరల నెత్తుకొనినచో కరుణ మెక్కడ నిలుచును? బళ్లారి రాఘవగారు ఈ మితిమీరుటను తీవ్రముగా గర్హించి, నటనకు ప్రాణము భావమే యని వాదించిరి. ఆయన ఆక్షేపించినది పద్యమును కాదు, పాత్రను మరచిన పాటకుని. ఈ భేదమును గుర్తింపక, పద్యనాటకమే అనాగరికమని త్రోసివైచిన తరువాతి విమర్శకులు రోగముతోపాటు రోగిని కూడ పాతిపెట్టిరి.

గ్రామఫోను ప్లేటు ఈ రోగమునకు కొంత మందాయెను. ఒక ప్రక్క మూడు నిమిషములు దాటి ఎంతో సేపు నడువదు గనుక, రంగముపై పావుగంట రాగము తీయువాడు కూడ అచ్చట సంక్షేపము నేర్వక తప్పలేదు. విజయనగరమున శాస్త్రీయశిక్షణ పొందిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు ఆ సంక్షేపమును పరిపూర్ణము గావించి, కరుణశ్రీగారి పుష్పవిలాపమును పాడిన ప్లేటులోను, చలనచిత్రములలోను, రాగమును పద్యపు కొసకు ఒక రేఖగా కుదించి, అక్షరమునకు పెద్దపీట వేసిరి.

ఈ విద్య చేసిన మహోపకారమున కొక్క నిదర్శనము చాలును. జాషువాగారు శ్మశానమును గూర్చి వ్రాసిన పద్యములు బలిజేపల్లివారి నాటకములోనివి కావు, నటులే వానిని కాటిసీనులో చేర్చిరి, డి.వి. సుబ్బారావుగారి కంఠమున అవి ఊరూర మారుమ్రోగెను. అంటరానితనపు బాధ ననుభవించిన కవి పద్యమును, అన్ని కులములవారును ఒకే పందిట కూర్చుండి, కన్నీటితో మరల పాడుమని కోరిరి. కావ్యమును పుస్తకమునుండి ప్రజల నాలుకపైకి ఇంత సూటిగా చేర్చిన సాధనము మనకు మరియొకటి లేదు.

నేడు పద్యము బడిలో మార్కుల కొరకు కంఠస్థమై, పరీక్షానంతరము విస్మృతమగుచున్నది. తెలుగు బోధించు అయ్యవార్లకు నాదొక్కటే మనవి: ఏటికొక్క వృత్తమునైనను ముందు అర్థము చెప్పి, విరుపు చూపి, శ్రుతి కలిపి పిల్లలచేత గొంతెత్తి పలికింపుడు. పాతప్లేట్లను భద్రపరచుట మంచిదే. పాడు గొంతులను సిద్ధపరచుట అంతకన్న మంచిది.