లోపలి శుభ్రత

పటాన్‌చెరు మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి పుణెలో మొదలై మచిలీపట్నంలో ముగుస్తుంది. అటు చివర గిలకలదిండి రేవు, చేపల పడవలు. ఇటు మా వెలిమెల చుట్టూ ఇసుక లారీలు, ఇటుకల ట్రాక్టర్లు, పునాదులు తవ్వే జేసీబీలు. అక్కడ ఉప్పునీరు, ఇక్కడ ఎర్రదుమ్ము. అయినా హైడ్రాలిక్ స్టీరింగ్ బిగించిన పడవలో చుక్కానిని తిప్పేదీ, మా ఊరి గుంతల బాటలో ట్రాక్టర్ ముందుచక్రాలను తిప్పేదీ ఒకటే: గొట్టంలో బంధించిన ఆయిల్.

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక కంపెనీ మెయింటెనెన్సు విభాగంలో చాలా ఏళ్లు పనిచేసినవాణ్ణి. హైడ్రాలిక్ ఆయిల్ వాసన తగిలితే ఇప్పటికీ అడుగు ఆగుతుంది. కొల్లూరు వైపు ఔటర్ రింగు రోడ్డు, దాని పక్కన లేస్తున్న టవర్లు, 2023లో ప్రారంభమైన 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు. ఇన్ని కట్టడాల వెనక ఎన్ని యంత్రాలు మట్టి తోడాయో, వాటి వెనక ఎన్ని మరమ్మతు రేకుల షెడ్లు వెలిశాయో ఈ దారిన తిరిగేవాళ్లకు తెలుసు. అలాంటి ఒక షెడ్డు దగ్గర సాయంత్రాలు కూర్చోవడం నాకు అలవాటు. అక్కడి మేస్త్రీకి స్టీరింగ్ పనిలో మంచి పేరు.

స్టీరింగ్ చక్రానికీ రోడ్డు మీది టైర్లకూ మధ్య ఇనుప కడ్డీల బంధం ఉంటుందని మనం అనుకుంటాం. జేసీబీల్లో, ట్రాక్టర్లలో చాలావాటికి అదేమీ ఉండదు. చక్రం కింద పిడికిళ్లు రెండు కలిపినంత పెట్టె ఒకటి ఉంటుంది. షెడ్లలో దాన్ని ‘ఆర్బిట్రాల్’ అంటారు. అమెరికాలోని మినెసోటాకు చెందిన లిన్ చార్ల్‌సన్ కనిపెట్టిన ఆర్బిట్ మోటారు దానికి మూలం. ఇంజిన్ తిప్పే పంపు ఆయిల్‌ను ఒత్తిడితో పెట్టెలోకి పంపుతుంది. మనం చక్రం ఎంత తిప్పితే, లోపలి పళ్ల చక్రం అంతే ఆయిల్ కొలిచి ముందు ఇరుసు దగ్గరి సిలిండర్‌కు పంపుతుంది. కుడికి తిప్పితే ఒక గదిలోకి, ఎడమకు తిప్పితే రెండో గదిలోకి. సిలిండర్ కడ్డీ జరుగుతుంది, టైర్లు తిరుగుతాయి. మనం చెయ్యి ఆపగానే కొలత ఆగుతుంది, టైర్లూ ఆగుతాయి. ఇంజిన్ ఆగిపోయినా ఆ పళ్ల చక్రమే చేతిపంపుగా పనిచేస్తుంది. స్టీరింగ్ బరువెక్కుతుంది కాని చచ్చిపోదు.

చిన్న పడవల్లో ఏర్పాటు ఇంకా సులువు. ఇంజిన్ పంపు ఉండదు, స్టీరింగ్ చక్రం వెనకే చిన్న పంపు ఉంటుంది. సరంగు చేతి బలమే ఆయిల్‌ను తోస్తుంది. రెండు గొట్టాలు వెనక్కి పోయి చుక్కాని పక్క సిలిండర్‌కు చేరతాయి. బంధించిన ద్రవం మీద ఒకచోట వేసిన ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని పదిహేడో శతాబ్దంలో పాస్కల్ చెప్పిన మాటే దీనికంతటికీ ఆధారం. ఆ మాటను పనిలో పెట్టి 1795లో జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు తీసుకున్నాడు. తర్వాత వచ్చినవన్నీ దాని సంతానమే.

డ్రైవర్లు ఈ చరిత్రతో రారు. రోగంతో వస్తారు. “అన్నా, స్టీరింగ్ మస్తు గట్టిగైంది. పొద్దుందాక తిప్పితె రెక్కలు గుంజుతున్నయ్” అన్నాడు మొన్నొక ట్రాక్టర్ పిల్లవాడు. మేస్త్రీ పానా ముట్టలేదు. “సల్లగున్నప్పుడు గట్టిగుంటదా, ఏడెక్కినంకనా?” అని అడిగాడు. “రెండు దిక్కులా, ఒక్క దిక్కేనా?” అని మళ్లీ అడిగాడు. రోగనిర్ణయంలో సగం ఈ రెండు ప్రశ్నల్లోనే ఉంది. వేడెక్కాక గట్టిపడితే పంపు అరిగిందని అనుమానం. ఆయిల్ వేడికి పలచబడి, అరిగిన సందుల్లోంచి వెనక్కి జారుకుంటుంది, ఒత్తిడి నిలవదు. ఒక్క దిక్కే గట్టిగా ఉంటే ఆ వైపు వాల్వులో నలక ఇరుక్కుందో, ఇరుసు పిన్నే పట్టేసిందో చూడాలి. చక్రం మెత్తగా, సాగినట్టు తిరుగుతుంటే గాలి పట్టింది. ట్యాంకులో ఆయిల్ తగ్గిందా, పంపుకు పోయే గొట్టం క్లిప్పు వదులైందా అని వెతకాలి. చక్రం కదపకపోయినా బండి పక్కకు జరుగుతుంటే సిలిండర్ సీలు మీద చూపు పడుతుంది. దానికీ పరీక్ష ఉంది. టైర్లను ఒక చివరికి పూర్తిగా తిప్పి, ఆయిల్ తిరిగొచ్చే వైపు గొట్టం విప్పి, చక్రాన్ని అదే వైపు నొక్కి పట్టుకోవాలి. ఖాళీగా ఉన్న సిలిండర్ నోట్లోంచి ఆయిల్ వస్తూనే ఉంటే పిస్టన్ సీలు పోయినట్టే.

ఇన్ని రోగాలున్నా మూలం దగ్గరికి వచ్చేసరికి మేస్త్రీ ఒకటే చెబుతాడు. “అన్నిట్ల దుమ్మే సార్.”

అది చాదస్తం కాదు. ఆర్బిట్రాల్ లోపల ఒకదానిలో ఒకటి తిరిగే రెండు ఉక్కు గొట్టాల మధ్య సందు కొద్ది మైక్రాన్లు. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. మామూలు కంటికి ఆనేది 40 మైక్రాన్ల దాకానే. అంటే యంత్రాన్ని చంపే దుమ్ము మనకు కనపడని దుమ్ము. డబ్బా మూత తీసి కొత్త ఆయిల్‌ను చూసి తళతళలాడుతోంది అనుకుంటాం. అందులోనూ అది ఉండొచ్చు. అందుకే మా మేస్త్రీ కొత్త ఆయిల్‌ను కూడా సన్నటి జాలీలోంచి వడపోయకుండా ట్యాంకులో పోయడు.

ఆ పిల్లవాడి ట్రాక్టర్‌కు ఆర్బిట్రాల్ విప్పాల్సి వచ్చింది. ముందు షెడ్డు నేల మీద నీళ్లు చల్లించాడు. పెట్టెను బండి మీదే డీజిల్‌తో కడిగాడు, బ్రష్షుతో ప్రతి గొట్టం మెడ చుట్టూ రుద్దాడు. గొట్టం విప్పిన మరుక్షణం దాని మూతికి ప్లాస్టిక్ కాగితం చుట్టి రబ్బరు బ్యాండు వేశాడు. పాత దినపత్రిక పరిచిన బల్ల మీద పెడదామని హెల్పర్ వస్తే వద్దని స్టీలు తట్ట తెప్పించాడు. కాగితం నూగు రాలుస్తుంది. చేతులు తుడుచుకునే దారాల వేస్టును ఆ చుట్టుపక్కలకే రానివ్వలేదు. ఒక్క పోగు లోపల పడితే వాల్వు నోరు మూసుకోదు. తుడవడానికి ఉతికిన పాత ధోవతి గుడ్డ వాడాడు, అదీ బయటి భాగాలకే. లోపలివి కడిగి గాలికొట్టి, శుభ్రమైన ఆయిల్ పూసి పెట్టాడు.

పళ్ల చక్రం తీసేముందు మార్కరుతో గీత పెట్టాడు. నడిమి ఇరుసు మీది పిన్ను గాడికీ, ఆ పళ్ల చక్రంలోని లోయకూ ఒక లెక్క ఉంది. తిరిగి బిగించేటప్పుడు ఒక్క పన్ను తప్పినా, ఇంజిన్ స్టార్టు కాగానే స్టీరింగ్ చక్రం దానంతటదే గిర్రున తిరుగుతుంది. చక్రం కడ్డీల మధ్య చెయ్యి ఉంటే మణికట్టు విరుగుతుంది. అందుకే సీల్ కిట్టు మార్చి బిగించాక ముందు ఇరుసును జాకీ మీద లేపి, “చెయ్యి దీసి స్టార్టు గొట్టు” అన్నాడు. చక్రం కదల్లేదు. అప్పుడు డ్రైవర్ చేత ఆ చివర నుంచి ఈ చివర దాకా నెమ్మదిగా తిప్పించాడు. ట్యాంకులో బుడగలు లేచి ఆగేదాకా అదే పని.

గొట్టాల సంగతి కూడా చెప్పుకోవాలి. హైవే పక్కన హోస్ పైపులు కోసి మూతులు నొక్కి ఇచ్చే దుకాణాలు చాలానే ఉన్నాయి. కోత చక్రం తిరిగినప్పుడు రబ్బరు పొడి, ఉక్కు తీగల రజను గొట్టం లోపలికే పోతాయి. గాలికొట్టి శుభ్రం చేయకుండా మూతులు నొక్కేస్తే, కొత్త గొట్టమే పాత పంపుకు విషం. బిగించిన గొట్టానికి సన్నటి కారడం ఉందేమోనని వేలితో తడిమి చూడడం మరీ ప్రమాదం. కారు టైరులో ఉండే ఒత్తిడి రెండు బార్లకు కాస్త పైన. స్టీరింగ్ లైనులో వంద దాటుతుంది. సూదిమొన అంత రంధ్రం నుంచి వచ్చే ఆయిల్ చర్మం చీల్చుకుని లోపలికి దిగుతుంది. పైకి చిన్న చుక్కలా ఉంటుంది, నొప్పి కూడా మొదట తెలియదు. గంటల్లో ఆపరేషన్ జరగకపోతే వేలు, ఒక్కోసారి చెయ్యి పోతుంది. లీకు వెతకాలంటే అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి.

పడవల దగ్గర శత్రువు మారుతుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలకు వేట నిషేధం. మరమ్మతులకు అదే అదను. ఆ రోజుల్లో విశాఖ రేవుకు వెళ్లినప్పుడు ఒక పడవలో స్టీరింగ్‌కు గాలి తీస్తుంటే చూశాను. పైన చక్రం దగ్గర ఒకతను, వెనక చుక్కాని గుంతలో మరొకతను. కిందివాడు సిలిండర్ నిపిల్‌కు పారదర్శకమైన పైపు తగిలించి, రెండో చివర సీసాలో ముంచి పట్టుకున్నాడు. పైవాడు తిప్పుతూ ఆయిల్ పోస్తున్నాడు. “బుడగలు ఇంకా వత్తన్నాయిరా!” అని కింది నుంచి కేక. పాత ఆయిల్ మజ్జిగలా తెల్లబారి ఉంది. సీలు పక్కనుంచి నీరు చేరితే అంతే. ఉప్పు సిలిండర్ కడ్డీ మీది క్రోములో గుంటలు పెడుతుంది, ఆ గుంటలు కొత్త సీలును వారాల్లో కోసేస్తాయి. సీలు మార్చి కడ్డీని వదిలేస్తే చేసింది సగం పనే. దుమ్మయినా ఉప్పునీరైనా బయటిది లోపలికి రాకూడదు. ఈ విద్యకు తొలి పాఠం ఇదే.

మరి లోపలిది బయటికి పోవడం సంగతి?

ట్రాక్టర్ పని ముగిశాక తట్టలో నల్లటి ఆయిల్ మిగిలింది. ధోవతి గుడ్డ దాకా ఆలోచించిన అదే షెడ్డులో ఆ తట్ట ఎక్కడ వంచాలన్నది ఎవరూ ఆలోచించలేదు. హెల్పర్ దాన్ని తీసుకెళ్లి మూతలేని డ్రమ్ములో పోశాడు. డ్రమ్ము చుట్టూ నేల అప్పటికే నల్లగా ఉంది. వానాకాలం ఆ డ్రమ్ము నిండి పొర్లుతుంది. కొంత సెంట్రింగ్ చెక్కలకు పూయడానికి పోతుంది, కొంత పాత సామాన్లవాడికి, కొంత దుమ్ము లేవకుండా వాకిట్లోకి. ఒక్క విడత ఆయిల్ మార్పిడిలో వచ్చే పాత ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ చెబుతుంది. మన దగ్గరా 2016 నాటి నిబంధనలు వాడిన ఆయిల్‌ను ప్రమాదకర వ్యర్థాల జాబితాలోనే పెట్టాయి. 2023లో వాటిని సవరించి, 2024 ఏప్రిల్ 1 నుంచి పాత ఆయిల్ రీసైక్లింగ్ బాధ్యతను ఆయిల్ తయారీదారుల మీద పెట్టారు. రూలు కంపెనీ దాకా వచ్చింది, షెడ్డు దాకా రాలేదు.

ఈ మాట వేరే చోట చెబితే ఉపన్యాసమవుతుంది. పటాన్‌చెరు ప్రాంతంలో అలా కాదు. ఫ్యాక్టరీల నీళ్లు నక్కవాగులో పడి, ఆ వాగు మంజీరలో కలిసి, పొలాలూ చెరువులూ పాడైన చరిత్ర మనది. 1990లో ఆ గోడు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. డాక్టర్ అల్లాని కిషన్‌రావు లాంటివాళ్లు దశాబ్దాల తరబడి దానికోసం తిరిగారు. అప్పుడు మన వేలు పెద్ద కంపెనీల వైపు చూపింది, న్యాయమే. రోడ్డు పక్క డ్రమ్ముల లెక్క మాత్రం ఎవరూ తీయలేదు. ఒక్కో డ్రమ్ము చిన్నదే, షెడ్లే చాలా ఉన్నాయి.

మేస్త్రీని ఇదే అడిగాను. ఆయన కోపగించుకోలేదు. “మంచి ఆయిలుకు పైసలిస్తరు సార్, చెడ్డ ఆయిలుకు ఎవలిస్తరు?” అన్నాడు. నిజమే. బండివాడు కట్టే బిల్లులో సీల్ కిట్టు ఉంటుంది, లీటరు ధర ఉంటుంది, కూలి ఉంటుంది. పాత ఆయిల్‌ను చేర్చాల్సిన చోటికి చేర్చే ఖర్చు ఉండదు. డబ్బు లేని చోట శ్రద్ధ ఉండాలనడం చేతిపనివాడి మీద మోపే అన్యాయపు బరువు. అనుమతి ఉన్న రీసైక్లర్లు డ్రమ్ముల లెక్కన కొంటారు, చిన్న షెడ్డు దగ్గరికి చెంబెడు కోసం రారు. నాలుగు షెడ్లు కలిసి ఒకచోట పోగేస్తే వస్తారు. మున్సిపాలిటీ ఒక్క రేకుల గదీ, అడుగున కాంక్రీటు తొట్టీ ఇస్తే ఈ పని నడుస్తుంది.

అంతదాకా బండి యజమానులకు ఒక మనవి. ఈసారి సర్వీసుకు ఇచ్చినప్పుడు ఏ గ్రేడు ఆయిల్ పోశారని అడిగినట్టే, తీసిన ఆయిల్ ఎటు పోయిందని కూడా అడగండి. దానికో పాతిక రూపాయలు బిల్లులో రాయమనండి. ఊరికే చెయ్యమంటే చెయ్యరు, రాసిన పనికి కూలి ఇస్తే చేస్తారు. అడిగేవాళ్లు నలుగురైతే ఆ డ్రమ్ముకు మూత వస్తుంది.