తెల్లవారేదాకా ఆడాల్సిన నాటకం

పద్య నాటకం చూడాలంటే తెనాలి పోవాలి, ఏలూరు పోవాలి అంటారు మనవాళ్లు. నేను బెంగళూరు రమ్మంటాను. జె.సి. రోడ్డులో 1963 నుంచీ నిలబడి ఉన్న రవీంద్ర కళాక్షేత్రంలో పల్లెటూరి బృందాలు కన్నడ ‘కురుక్షేత్ర’ ఆడే రోజు చూసుకుని రండి. హొసకోట వైపు నుంచో, కోలారు వైపు నుంచో బస్సు కట్టుకుని ఊరికి ఊరే దిగుతుంది. దుర్యోధనుడు పగలు లారీ తోలతాడు. భీముడికి రాగి పొలం ఉంది. వేషానికి ఇంతని సొంత డబ్బు కట్టి, నెలల తరబడి డ్రామా మేష్ట్రు హార్మోనియం ముందు కూర్చుని నేర్చుకున్నవాళ్లు వీళ్లు. శ్రుతి తప్పుతారు, మాట మరిచిపోతారు, మీసం ఊడితే నవ్వుతారు. ఒక్కటి మాత్రం తప్పరు. నాటకాన్ని చివరిదాకా ఆడతారు. దుర్యోధనుడు తొడలు విరిగి పడేదాకా జనం లేవరు.

ఆ ఒక్కటే మనం పోగొట్టుకున్నాం. అందుకే ఈ వ్యాసం.

శత్రువు శత్రువును చంపితే ఎవరికి జాలి? అయినవాళ్లు అయినవాళ్లను చంపుకోబోతేనే విషాదం పండుతుందని గ్రీకు దేశంలో అరిస్టాటిల్ ఎప్పుడో రాసిపెట్టాడు. దాయాది తగాదా లేని ఊరెరగని తెలుగువాడికి ఆ మాట వేరే చెప్పక్కర్లేదు. భారతంలో పాచికలు వేసింది మేనమామ. నిండు సభలోకి వదినను జుట్టు పట్టి ఈడ్చుకొచ్చింది మరిది. నకుల సహదేవుల మేనమామ శల్యుడు మేనల్లుళ్ల కోసమే బయల్దేరి, దారిలో దుర్యోధనుడి మర్యాదలకు చిక్కి అవతలి పక్షానికి మాటిచ్చేస్తాడు. పెద్దకొడుకును పుట్టగానే ఏట్లో వదిలిన తల్లి, యుద్ధం ముంచుకొచ్చాక అతణ్ణి వెతుక్కుంటూ వస్తుంది. ఇక కృష్ణుడి సంగతి చూడండి. పాండవులకు మేనమామ కొడుకు, అర్జునుడికి బావమరిది. అటు దుర్యోధనుడికీ వియ్యంకుడే. అతని కూతురు లక్షణను కృష్ణుడి కొడుకు సాంబుడు చేసుకున్నాడు. ఐదూళ్లిస్తే చాలని కౌరవసభలో బతిమాలింది వియ్యంకుడు. ఆ వియ్యంకుణ్ణే కట్టిపడెయ్యాలని చూసింది పిల్లనిచ్చినవాడు.

ఈ కథను రంగస్థలానికి తెచ్చిన ఘనత తిరుపతి వేంకట కవులది. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి కలిసి రాసిన ‘పాండవోద్యోగ విజయములు’ తిక్కన ఉద్యోగపర్వం నీడలో పెరిగిన చెట్టు.  ఇక పద్యం దగ్గరికి వద్దాం.

నాటకంలో పద్యం పాట కాదు. గణాలు కవి బిగించేశాడు. యతి ఎక్కడ పడాలో, ప్రాస ఎక్కడ మోగాలో ముందే ఖాయమైపోయింది. తాళం మాత్రం లేదు. ఆ వెసులుబాటులోనే నటుడి పనితనమంతా ఉంది. హార్మోనిస్టు వెంట నడవాలి గాని ముందు నడవకూడదు. మొదటి పాదాన్ని ఎదుటివాడి ముఖంలోకి చూస్తూ మాటలా అనాలి. రెండో పాదంలో రాగం మెల్లగా తలెత్తాలి. మూడో పాదంలో సమాసం ఎంత పొడుగున్నా మధ్యలో తెంచకుండా ఊపిరి కాచుకోవాలి. చివరి అక్షరం మీద రాగం విప్పుకోవచ్చు, అదీ పాత్రకు కోపమో దిగులో ఇంకా మిగిలి ఉంటేనే. సీసమైతే పాదం పాదానికీ మెట్టు ఎక్కుతూ పోయి ఎత్తుగీతిలో దిగాలి. దిగడం తెలియనివాడు సీసం ముట్టుకోకూడదు. మోహన హుషారుకు, అఠాణా రోషానికి, శహన జాలికి అని లెక్క చెబుతారు. లెక్క అందరికీ తెలుసు. మాట నలగకుండా రాగం పలికించడం కొందరికే వచ్చు.

పడక సీను తీసుకోండి. తెర లేస్తుంది. కృష్ణుడు పడుకుని ఉంటాడు, నిద్ర నటిస్తూ. దుర్యోధనుడు తలవైపు ఆసనం మీద కూర్చుంటాడు, అర్జునుడు కాళ్లవైపు. కళ్లు తెరవగానే కృష్ణుడి చూపు అర్జునుడి మీద పడుతుంది. ఆ తర్వాత పలకరింపులు. బావా, ఎప్పుడొచ్చావు, అందరూ బాగున్నారా, తమ్ముళ్లు బాగున్నారా. చుట్టపుచూపుగా వచ్చినవాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి అడిగే మాటలే. చెయ్యి తిరిగిన నటుడి నోట ఆ ‘బావా’ రెండుసార్లు రెండు రకాలుగా మోగుతుంది. అర్జునుడి వైపు తిరిగితే అందులో చనువు. దుర్యోధనుడి వైపు తిరిగితే మర్యాద, ఆ మర్యాద అడుగున చల్లని కత్తి. ఎవరి చుట్టరికం తెగిపోయిందో ప్రేక్షకుడికి అక్కడే తెలిసిపోవాలి. సైన్యం కావాలా, ఆయుధం పట్టని నేను కావాలా అన్న బేరం ఆ తర్వాతి సంగతి.

ఈ ‘బావా’ను పలికించడంలో పీసపాటి నరసింహమూర్తి తర్వాతే ఎవరైనా. నేను పీసపాటి పక్షం, దాచుకోను. షణ్ముఖి ఆంజనేయరాజు అభిమానులు నాతో పోట్లాడతారు. ఆయన గొంతులోని తీపికి నేనూ దండం పెడతాను. ఈలపాట రఘురామయ్య వేలు నోట పెట్టుకుని ఈలతో రాగం లాగితే ఊళ్లకు ఊళ్లే ఊగిపోయాయి, కాదనను. కానీ రాయబారంలో కృష్ణుడు సంగీత విద్వాంసుడు కాడు, రాజకీయం తెలిసిన బంధువు. ఏలూరులో వకీలుగా ఉన్న బందా కనకలింగేశ్వరరావు ఆ సంగతి గ్రహించి, పద్యాన్ని వాదనలా నిలబెట్టాడు. ఇక దుర్యోధనుడంటే మాధవపెద్ది వెంకట్రామయ్య, ఆ తర్వాత ధూళిపాళ. రంగస్థలం మీద సుయోధనుడిగా మెప్పించిన ఆ ధూళిపాళే 1966లో ‘శ్రీకృష్ణ పాండవీయం’ సినిమాలో శకుని అయ్యాడు. ద్రోహాన్ని రెండు వైపుల నుంచీ చూసిన నటుడు!

మరి ఈనాటి సంగతి? చెబితే కడుపు మండుతుంది. ఆ మధ్య ఈ నగరంలోనే ఒక సంఘం పండక్కి ‘శ్రీకృష్ణ రాయబారం’ అంటే పిల్లల్ని వెంటబెట్టుకుని పోయాను. రెండు గంటల్లో ముగ్గురు కృష్ణులు వచ్చిపోయారు. హార్మోనియం స్థానంలో కీబోర్డు. 1967 నాటి ‘శ్రీకృష్ణావతారం’లో ఘంటసాల పాడిన తీరునే గమకంతో సహా దింపుతున్నాడొకడు, పక్కన అర్జునుడున్నాడన్న స్పృహ లేకుండా. ఇంకొకడు ఒక్క అక్షరం పట్టుకుని నిమిషాల తరబడి సాగదీస్తే వన్స్ మోర్ అని ఈలలు. కృష్ణుడు మళ్లీ పడుకున్నాడు, మళ్లీ లేచాడు! పద్యం అయ్యాక కర్ణుడితో సెల్ఫీ. సభా ఘట్టం కాగానే శాలువాలు, వందన సమర్పణ, భోజనాలు. ‘‘ఆ తర్వాత ఏమైంది నాన్నా?’’ అని మా చిన్నవాడు అడిగాడు. ఏం చెప్పను?

ఆ తర్వాతే కదా నాటకం! పద్దెనిమిది అక్షౌహిణులు పద్దెనిమిది రోజుల్లో మట్టిలో కలిశాయి. కౌగిలిలో భీముణ్ణి నలిపెయ్యబోయి గుడ్డి తండ్రి ఇనుప బొమ్మను పిండి చేశాడు. గాంధారి తన వంశం పోయినట్టే యదువంశమూ పోవాలని కొడుకు వియ్యంకుణ్ణే శపించింది. తాము చంపింది సొంత అన్ననని ధర్మరాజుకు తర్పణాలప్పుడు తెలిసింది. కుంతి దాచిన రహస్యానికి వడ్డీ అది. ద్రోహం వరకు ఆడి ఫలితం ముందు తెర దించితే మిగిలేది మాటల పోటీ, విషాదం కాదు. మనం ‘ఉద్యోగం’ ఉంచుకుని ‘విజయం’ పారేశాం. పద్యం ఉంచుకుని నాటకం పారేశాం.

ఇదే బెంగళూరుకు గుబ్బి వీరణ్ణ 1934లో ‘కురుక్షేత్ర’ను నిజం ఏనుగులతో, గుర్రాలతో చూపించాడు. మనకు ఏనుగులు అక్కర్లేదు. 1952 నుంచీ ఉన్న తెలుగు విజ్ఞాన సమితి వైయాలికావల్‌లో మనదే. దాని కృష్ణదేవరాయ కళామందిరంలో ఏడాదికి ఒక్క రాత్రి చాలు. ఒకే కృష్ణుడు, ఒకే హార్మోనియం, జూదం నుంచి తర్పణం దాకా మొత్తం కథ. కళాపోషకులారా, శాలువాల ఖర్చు అటు మళ్లించండి.

కిందటిసారి కళాక్షేత్రంలో తెల్లారుజామున లారీ డ్రైవర్ దుర్యోధనుడు పడిపోయాడు. ముందు వరసలో ఒక ముసలావిడ కొంగుతో కళ్లొత్తుకుంది. తెర దిగాక నేను లోపలికి పోయాను. అతను ఇంకా నేల మీదే ఉన్నాడు, అలసటతో. కృష్ణుడి వేషగాడు కిరీటం చంకన పెట్టుకుని వంగి, చెయ్యందించాడు. కోలారు వైపు వాళ్లు, ఇంట్లో తెలుగే.

‘‘లేయ్ బావా, బస్సు పోతుంది’’ అన్నాడు.

రాత్రంతా విన్న ఆ మాట అప్పుడు మామూలుగా వినబడింది. చుట్టరికం అంటే ఏమిటో, అది తెగితే ఏమవుతుందో, రాత్రంతా కూర్చున్నవాడికే ఆ మామూలు మాట విలువ తెలుస్తుంది.