సూళ్లూరుపేటలో పక్షుల పండగ

సూళ్లూరుపేటలో జరిగే ఫ్లెమింగో ఫెస్టివల్‌కు వెళ్లాలనుకునే వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. సభలూ స్టాళ్లూ పాటలూ సాయంత్రానికి ఉంచుకోండి, తెల్లవారేసరికి మాత్రం దగ్గర్లోని నేలపట్టు చెరువు కట్ట మీద ఉండండి. 2001 నుంచి జరుగుతున్న పండగ ఇది. మధ్యలో కొన్నేళ్లు ఆగి 2025 జనవరిలో మళ్లీ మొదలైంది. సందడంతా సూళ్లూరుపేటలో ఉన్నా, అసలు పండగ ఆ చెరువులోనే ఉంది.

చెరువు నీళ్లలో మునిగి నిలబడ్డ కడప చెట్లు రెట్టలతో సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటాయి. వాటి మీద గూడబాతులు, నత్తగుల్లకొంగలు, తెల్లకంకణాయిలు, నీటికాకులు ఎవరి అంతస్తులో వాళ్లు కాపురం పెట్టేస్తాయి. బైనాక్యులర్ దొరికింది కదా అని చెరువంతా తిప్పేస్తే ఏమీ కనపడదు. ఒక్క గూడు ఎంచుకుని అరగంట దాన్నే చూడాలి. పులికాట్ సరస్సు వైపు వేటకెళ్లిన గూడబాతు తిరిగొచ్చి నోరు తెరవగానే, పిల్ల తన తలను మెడదాకా లోపలికి దూర్చేస్తుంది. పెద్దది పిల్లను మింగేస్తోందేమోనని చూసేవాళ్ల గుండె గుభేలుమంటుంది. నిజానికి అది కక్కిన చేపల్ని పిల్ల లోపలే అందుకుని తింటోంది.

కేకలు వేయొద్దని అక్కడ ఊరికే చెప్పరు. బెదిరిన పక్షి గూడు వదిలి లేచిందంటే, ఆ కాసేపట్లోనే కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి. ఈకలు రాని పిల్లలు ఎండకు మాడిపోతాయి.

ఫ్లెమింగోల కోసం, అంటే రాజహంసల కోసం శ్రీహరికోట దారి పట్టాలి. పులికాట్ సరస్సును చీల్చుకుంటూ పోయే ఆ రోడ్డు మీద నిలబడితే రెండు పక్కలా నీళ్లే. దూరం నుంచి నిశ్చలంగా కనిపించే గుంపును టెలిస్కోపులో చూడండి, అంతా పనిలో ఉంటుంది. రాజహంస కాళ్లతో బురద తొక్కి కదిలిస్తుంది. తలను తలకిందులుగా నీళ్లలో పెట్టి నాలుకను పిచికారీలా ఆడిస్తుంది. ముక్కు అంచుల్లోని సన్నని పళ్ల వరస నీటిని వదిలేసి రొయ్య పిల్లల్నీ నాచునూ పట్టి ఉంచుతుంది. రెక్కల్లోని ఆ గులాబీ రంగు ఈ తిండి నుంచి వచ్చిందే.

నేలపట్టును ప్రభుత్వం 1976లో అభయారణ్యంగా ప్రకటించింది. అయితే కాగితం మీది హద్దుల కంటే ఊరి నమ్మకమే పక్షుల్ని ఎక్కువగా కాపాడిందని నేను గట్టిగా నమ్ముతాను. రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి పారితే వరికి బలమని అక్కడి రైతులకు తెలుసు. పక్షి వచ్చిన ఏడాది పంట బాగుంటుందంటారు. ఈశాన్య రుతుపవనాలు చెరువును నింపితేనే పక్షులు గూళ్లు కడతాయి కాబట్టి ఆ మాటలో నిజముంది. పండగకు వచ్చే పట్నం పిల్లలకు ఈ లెక్క చెప్పాల్సింది ఆ రైతులే. కట్ట మీద మైకు పట్టుకునే అవకాశం వాళ్లకివ్వాలి.

పులికాట్‌లో వేటాడే జాలర్లకూ చోటు కావాలి. సముద్రం నుంచి నీళ్లు లోపలికి వచ్చే రాయదొరువు, కొండూరుపాలెం ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతుంటే సరస్సు ఎండి చేపలు తగ్గుతాయి. వలకు దొరక్కపోతే గూడబాతుకూ దొరకదు. మంత్రులూ అధికారులూ ఒక్కచోట దొరికేది ఈ పండగ రోజుల్లోనే. పూడిక ఎప్పుడు తీస్తారో జాలర్లు వాళ్లను అదే వేదిక మీద, అందరి ముందూ అడగాలి.